బస్సు నిండా గుట్టు

సాలూరు బంగారమ్మ వీధిలో పైడిరాజు అనే కుర్రవాడు ఉండేవాడు. తెలివైనవాడే, మర్యాద తెలిసినవాడే, కానీ మనసులో మాట చచ్చినా బయటపెట్టేవాడు కాదు.

ఆ గుట్టు వాడికి తల్లి రత్నాలమ్మ దగ్గర నుంచి వచ్చింది. తలపెట్టిన పని పూర్తి కాకముందే నలుగురికీ తెలిస్తే దిష్టి తగిలి చెడిపోతుందని ఆమెకు గట్టి నమ్మకం. ఇంటికి ఫ్రిజ్ కొన్నప్పుడు దానికి దుప్పటి కప్పి, ఏదో పాత బీరువా తెచ్చినట్టు లోపలికి తెప్పించింది. పైడిరాజు పదో తరగతి మంచి మార్కులతో పాసైన రోజు పక్కింటివాళ్లు వచ్చి, "ఎన్ని మార్కులమ్మా?" అని అడిగారు. "ఏదోలెండి" అని ఆమె మొహం వేలాడేసుకుంది. పాపం పిల్లవాడు తప్పాడు కాబోలని వాళ్లు ఓదార్చి వెళ్లారు.

ఒక్క రత్నాలమ్మను అనుకుని ఏం లాభం? ఆ వీధి వీధంతా అంతే. పెళ్లి సంబంధం కుదిరితే శుభలేఖ చేతికి వచ్చేదాకా ఎదురింటికి తెలియదు. స్థలం కొంటే గోడ లేచేదాకా తెలియదు. మంచి జరిగినా దొంగతనం చేసినట్టు దాచుకునేవారు. పొద్దున్నే లేచి ఇంత దిష్టి పెట్టే తీరిక ఎవరికి ఉంటుందో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

పైడిరాజు విజయనగరంలో డిగ్రీ చదివాడు. అందులో భూగర్భశాస్త్రం కూడా ఒక సబ్జెక్టు. మిగతా పాఠాలు వాడు పరీక్ష కోసం చదివేవాడు, ఇది మాత్రం ఇష్టం కొద్దీ చదివేవాడు. సెలవు దొరికితే ఊరి చుట్టూ ఉన్న కొండలెక్కి రాళ్లు ఏరుకొచ్చేవాడు. రాయిని నీళ్లతో కడిగి, ఎండలో తిప్పి చూసి, అది ఏ రకమో చెప్పేవాడు. వాళ్లకు పాఠం చెప్పిన జోగారావు మాస్టారు ఒకరోజు వాణ్ణి పిలిచి, "నువ్వు ఎమ్మెస్సీ జియాలజీ చెయ్యరా. గనుల్లో పని ఉంటుంది, భూగర్భజలాల శాఖలో ఉంటుంది, ఆనకట్టలు కట్టేచోట ఉంటుంది. ఎండలో తిరగాలి, అదొక్కటే కష్టం. నీకు అదే ఇష్టమాయె" అన్నాడు.

పైడిరాజుకు కూర్మారావు అనే స్నేహితుడు ఉండేవాడు. ఇద్దరూ కలిసే చదివారు, కలిసే కొండలెక్కారు. కానీ కూర్మారావు నోట్లో నువ్వుగింజ నానదు. వాడికి జ్వరం వస్తే ఊరంతటికీ తెలుస్తుంది. పీజీ ఎంట్రన్స్ రాశాక మొదటి విడతలో సీటు రాకపోతే ఆ సంగతి కూడా వాడు టీ కొట్టు దగ్గర నిలబడి అందరికీ చెప్పాడు.

"నాకు రాలేదురా పైడీ! జియాలజీ తప్ప ఇంకేటీ పెట్టలేదు, అదీ రాలేదు. నీకేటి వొచ్చింది?" అని అడిగాడు.

"నాదీ ఇంకా ఏటీ తేల్లేదురా" అన్నాడు పైడిరాజు.

అది పచ్చి అబద్ధం. వాడికి మొదటి విడతలోనే యూనివర్సిటీలో జియాలజీ సీటు వచ్చింది. ఆ సంగతి ఊళ్లో ఇద్దరికే తెలుసు. ఒకరు రత్నాలమ్మ. రెండోవాడు బస్టాండు ఎదుట నెట్ సెంటర్ నడిపే తాతబాబు, ఎందుకంటే దరఖాస్తు చేసింది అతనే. "ఎవులికీ సెప్పకురా నాయనా. ఎల్లి కాలేజీలో కూకున్నాక అప్పుడు సెప్దాం" అంది తల్లి. వాడు బుద్ధిగా తలూపాడు.

అంతా సవ్యంగా జరిగేదే. ఇంతలో దేముడు మావయ్య వచ్చాడు.

ఆయన రత్నాలమ్మ తమ్ముడు, బీమా ఏజెంటు. బంగారమ్మ వీధిలో ఆయన కాఫీ తాగని ఇల్లు లేదు. ఆ రోజు భోజనం చేసి చేయి కడుక్కున్నాక తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"అక్కా, మీకని చెప్తన్నాను. ఇంకో చెవిన పడకూడదు. నానో టెక్నాలజీ అని కొత్త ఎమ్మెస్సీ ఒకటుంది. విశాఖ అవతల ఒక ప్రైవేటు కాలేజీలో ఉంది. చదువు పూర్తవకముందే కంపెనీలోళ్లు వొచ్చి ఎత్తుకుపోతారంట. ఈ సంగతి మన జిల్లాలో ఒక్కడికీ తెల్దు."

"నానో అంటే ఏటి మావయ్యా?" అని అడిగాడు పైడిరాజు.

మావయ్య కాస్త ఆలోచించాడు. "చాలా చిన్నదిరా. కంటికి కనబడదు."

"కనబడందానికి ఉద్యోగాలేటి?"

"అదేరా మరి స్కోపంటే!" అన్నాడు మావయ్య.

రత్నాలమ్మ కళ్లు మెరిశాయి. "ఎవులికీ తెల్దంటే పోటీ ఉండదు కదా. రాళ్ల సదువు సదివి ఈడు కొండల్లో తిరిగి నల్లబడిపోతాడని నాకు ముందు నుంచీ దిగులుగానే ఉంది" అంది.

పైడిరాజుకు రాళ్లు గుర్తుకొచ్చాయి. కానీ ఎవరికీ తెలియని చదువు అన్న మాట వాడి చెవికి మహా ఇంపుగా తోచింది. గుట్టు మనిషికి అంతకంటే తీపి మాట ఇంకేముంటుంది?

ఆ సాయంత్రం ఎదురింటి అరుగు మీద గౌరీశ్వరి కూర్చుని ఉంది. ఆమె పైడిరాజు కంటే నాలుగేళ్లు పెద్దది. విశాఖలో ఏదో పెద్ద చదువు చదివిందని, బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తోందని వీధిలో చెప్పుకునేవారు. ఏం చదివిందో, ఏ కంపెనీయో మాత్రం వాళ్లింట్లో ఎవరూ చెప్పేవారు కాదు. అడగడం మర్యాద కాదని ఎవరూ అడిగేవారు కాదు.

"ఏరా తమ్ముడూ, ఏటి చదవాలనుకుంటన్నావు? నేనూ పీజీ చేసినదాన్నే. ఏదైనా అడగాలంటే అడుగు" అంది ఆమె.

అడగడానికి ఒక్క నిమిషం పట్టేది. వాడి జీవితంలో ఆ ఒక్క నిమిషానికి ఎంత విలువుందో వాడికి తెలియదు.

"ఇంకా ఏటీ అనుకోలేదక్కా" అని నవ్వేసి వెళ్లిపోయాడు.

మర్నాడు తాతబాబు దగ్గరకు వెళ్లి జియాలజీ సీటు వదిలేస్తున్నానని, నానో కాలేజీకి దరఖాస్తు పెట్టమని చెవిలో చెప్పాడు. తాతబాబు చేతులు ఆగిపోయాయి. వాడి మొహంలోకి వింతగా చూశాడు.

"నువ్వు కూడానా?" అని నోరు జారి, వెంటనే సర్దుకుని, "బాబూ, ఒక్క మాట చెప్పనా?" అన్నాడు.

"ఏటీ చెప్పొద్దు. నువ్వు కూడా ఎవరితోనూ అనొద్దు. మీ పిల్లల మీద ఒట్టు" అన్నాడు పైడిరాజు.

తాతబాబు మీట నొక్కాడు. ఏళ్లు శ్రమపడి తెచ్చుకున్న సీటు అలా చిటికెలో చేయి జారిపోయింది.

కాలేజీలో చేరే రోజు వచ్చింది. పైడిరాజు సర్టిఫికెట్లు తువ్వాలులో చుట్టి సంచి అడుగున పెట్టుకున్నాడు. పైన కొబ్బరికాయ పెట్టుకున్నాడు. ఎవరైనా అడిగితే సింహాచలం మొక్కు అని చెప్పమంది తల్లి. విశాఖ బస్సు ఎక్కి చూస్తే, ఆశ్చర్యం, సగం బస్సు బంగారమ్మ వీధి పిల్లలే!

"ఏటిరా పైడీ, ఎక్కడికి?" అన్నాడు ముందు సీట్లో తవిటినాయుడు.

"సింహాచలం. మొక్కుంది. నువ్వు?"

"కంటి డాక్టరు దగ్గరికి."

వెనక సీట్లో ఉన్న వరాలు అనే అమ్మాయి తన పెద్దమ్మ కూతురి సీమంతానికి వెళ్తోందట. ఆమె పక్కన పోలినాయుడు ఊరికే సముద్రం చూడ్డానికి వెళ్తున్నాడట. మరొకడూ సింహాచలమే. వాడి సంచిలోనూ కొబ్బరికాయే. అందరూ ఒకళ్ల సంచి ఒకళ్లు చూసుకున్నారు, ఎవరి సంచి వాళ్లు ఒళ్లోకి లాక్కున్నారు.

బస్సు కదులుతుంటే కూర్మారావు పరిగెత్తుకొచ్చి ఎక్కాడు. సర్టిఫికెట్ల ఫైలు వాడి చేతిలో పతాకంలా ఊగుతోంది.

"ఒరేయ్ పైడీ! నాకు సీటొచ్చిందిరా! జియాలజీ! ఎవడో మహానుభావుడు వొదిలేశాడంట, ఆఖరి విడతలో నాకు పడింది. ఇయ్యాలే చేరాలి. ఎవడోగానీ ఆడు చల్లగా ఉండాలి!" అని బస్సంతా వినబడేలా అరిచాడు.

పైడిరాజుకు వెంటనే తెలిసిపోయింది. అది తన సీటు. తన ర్యాంకుకు వచ్చిన సీటు. దాన్ని తీసుకుని తన స్నేహితుడు తనకే దీవెనలు ఇస్తున్నాడు! అప్పుడైనా నోరు విప్పాడా? విప్పలేదు. "మంచిదిరా" అని గొణిగి, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

విశాఖలో దిగాక కూర్మారావు యూనివర్సిటీ బస్సు ఎక్కి వెళ్లేదాకా పైడిరాజు ఒక స్తంభం చాటున నిలబడ్డాడు. తర్వాత భీమిలి వైపు వెళ్లే సిటీ బస్సు ఎక్కాడు. వెనకే తవిటినాయుడు ఎక్కాడు. వరాలు ఎక్కింది. పోలినాయుడు ఎక్కాడు. రెండో కొబ్బరికాయా ఎక్కింది.

"సింహాచలం ఇటు కాదు కదరా?" అన్నాడు తవిటినాయుడు అనుమానంగా.

"కంటి డాక్టరు ఇటున్నాడేటి?" అన్నాడు పైడిరాజు.

ఇద్దరూ మొహాలు తిప్పుకున్నారు. కాలేజీ గేటు దగ్గర బస్సు ఆగింది. ఒక్కొక్కరే లేచారు. ఒక్కొక్కరే దిగారు. బస్సు వెళ్లిపోయింది. రోడ్డు మీద బంగారమ్మ వీధి పిల్లలందరూ సంచులు పట్టుకుని, నోళ్లు తెరుచుకుని, ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుంటూ నిలబడిపోయారు.

"నానోయా?" అంది వరాలు, ఏడుపు గొంతుతో.

"నీకెవరు చెప్పారు?"

"దేముడు మావయ్య. మాకొక్కళ్లకే చెప్పానన్నాడు!"

"మాకూ మాకొక్కళ్లకే అన్నాడు!" అన్నారు మిగతావాళ్లు.

పైడిరాజు ఫోన్ తీసి తాతబాబు మీద విరుచుకుపడ్డాడు. "వీధి మొత్తానికి దరఖాస్తు పెట్టింది నువ్వే కదా! నాకు ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"చెప్పనిచ్చావా బాబూ?" అన్నాడు తాతబాబు బాధగా. "మీరందరూ ఒకళ్ల తర్వాత ఒకళ్లు వొచ్చి నా పిల్లల మీద ఒట్టేయించుకున్నారు. నేనేటి చెయ్యను?"

పైడిరాజు ఫోన్ పెట్టేసి కాలేజీ లోపలికి నడిచాడు.

అసలు దెబ్బ లోపల కాచుకుని ఉంది. హాల్లో పాత బ్యాచుల ఫోటోలు గోడకు తగిలించారు. కూర్చోబోతూ పైడిరాజు ఒక ఫోటో దగ్గర ఆగిపోయాడు. ముందు వరసలో నవ్వుతూ నిలబడ్డ మనిషిని చూసి కళ్లు నులుముకున్నాడు. గౌరీశ్వరి అక్క! రోజూ ఎదురింటి అరుగు మీద కూర్చునే అక్క!

బయటకు పరిగెత్తి ఆమెకు ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వు నానో చదివావా?"

"నీకెలా తెలిసింది?" అంది ఆమె.

"ఆ కాలేజీలోనే ఉన్నాను. చేరడానికొచ్చాను."

"ఓలమ్మా! నువ్వా?" అని గౌరీశ్వరి గట్టిగా అరిచింది. "ఒరేయ్, ఆ చదువు చెడ్డది కాదురా. కానీ అది చదివాక పీహెచ్‌డీకి వెళ్లాలి, ఏళ్ల తరబడి ల్యాబులో కూకోవాలి. ఆ ఓపికున్నోళ్లు బాగుపడ్డారు. వెంటనే ఉద్యోగం వొస్తుందని వెళ్లిన నాలాంటోళ్లను ఏ కంపెనీ ఎత్తుకుపోలేదు. బెంగళూరూ లేదు, ఏటీ లేదు. ఫోన్లో చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటన్నాను. పరువు పోతుందని ఇంట్లో ఉద్యోగమని చెప్పమన్నారు."

"మరి నాకెందుకు చెప్పలేదక్కా?"

"నువ్వు అడిగావా? నువ్వు నీ సంగతి దాచావు, నేను నా సంగతి దాచాను. అడిగితే చెప్పేద్దామనే ఆ రోజు నిన్ను పలకరించాను రా" అంది ఆమె.

పైడిరాజు కొబ్బరికాయ సంచి అక్కడే వదిలేసి, సర్టిఫికెట్లు మాత్రం చంకలో పెట్టుకుని, దొరికిన బస్సెక్కి యూనివర్సిటీకి పరిగెత్తాడు. జియాలజీ విభాగం మెట్ల మీద కూర్మారావు కూర్చుని ఉన్నాడు. అప్పుడే చేరి బయటికి వచ్చాడు. రొప్పుతూ వచ్చిన స్నేహితుణ్ణి చూసి లేచి నిలబడ్డాడు.

"మొక్కు తీరిందేటిరా అప్పుడే?"

"ఆ సీటు నాదిరా" అన్నాడు పైడిరాజు. పుట్టి బుద్ధెరిగాక వాడు దాచకుండా చెప్పిన మొదటి మాట అదే. ఆ తర్వాత అంతా చెప్పేశాడు. చెబుతూ చెబుతూ మెట్ల మీద కూలబడి ఏడ్చేశాడు.

కూర్మారావు నోట మాట రాలేదు. వాడికి మాట రాకపోవడం అదే మొదటిసారి. కాసేపటికి పైడిరాజు చేయి పట్టుకుని లేపి, ఆఫీసు గదిలోకి లాక్కెళ్లాడు.

"సార్, ఈ సీటు ఈడిది. తెలీక వొదిలేశాడు. నేను ఇప్పుడే మానేస్తాను. ఈణ్ణి చేర్చుకోండి" అన్నాడు.

అక్కడి గుమాస్తా ఇద్దరినీ జాలిగా చూశాడు. "ఇదే ఆఖరి విడత బాబూ. నువ్వు మానేసినా ఇది అతనికి రాదు. రెండేళ్లూ ఖాళీగా ఉంటుంది. అతను వచ్చే ఏడు మళ్లీ పరీక్ష రాసుకోవాలి."

ఇద్దరూ బయటికొచ్చారు. "ఒక్క మాట నాకు చెప్పుంటే నిన్ను కట్టేసైనా ఆపేవాణ్ణి కదరా. నాకు సీటు రాకపోతే రాకపోయేది" అన్నాడు కూర్మారావు. ఆ రోజు తగిలిన దెబ్బలన్నిటిలోకీ పైడిరాజుకు ఎక్కువ నొప్పి పెట్టింది ఆ మాటే.

ఇల్లు చేరేసరికి రత్నాలమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. అటూ ఇటూ చూసి, మెల్లగా అడిగింది. "ఎవులైనా సూశారేటిరా?"

"వీధంతా చూసిందమ్మా. వీధంతా అక్కడే ఉంది" అన్నాడు పైడిరాజు.

వాడు జరిగిందంతా చెప్పాక ఆమెకు సంగతి అర్థమైంది. గడప మీదే కూర్చుండిపోయింది. ఇన్నాళ్లూ ఎవరి కళ్లో పడతాయని భయపడిందో, వాళ్లెవరూ తన కొడుకును ఏమీ చేయలేదు. చేసింది తన భయమే.

పైడిరాజు వీధి మధ్యలోకి వచ్చి నిలబడ్డాడు. "నాకు జియాలజీ సీటొస్తే చేతులారా వొదిలేసుకున్నాను. వొచ్చే ఏడు మళ్లీ రాస్తాను. ఎవరికైనా ఏదైనా తెలిస్తే చెప్పండి" అన్నాడు గట్టిగా. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఎదురింట్లోంచి గౌరీశ్వరి బయటికి వచ్చింది. తల్లి కొంగు పట్టి వెనక్కి లాగుతున్నా ఆగలేదు. "నాకు ఏ కంపెనీలోనూ ఉద్యోగం లేదు. నానో గురించి అడగాలంటే నన్ను అడగండి, ఉన్నది ఉన్నట్టు చెప్తాను" అంది. వీధివాళ్లు నిర్ఘాంతపోయి చూశారు. ఆ తర్వాత వరాలు వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. తవిటినాయుడు కూడా వెళ్లాడు. చీకటి పడేదాకా ఆ అరుగు మీద అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు.

ల్యాబులో ఓపికగా కూర్చోగలనని తేల్చుకుని వరాలు ఆ చదువులోనే చేరింది. మిగతావాళ్లు మానుకున్నారు. పైడిరాజు మర్నాటి నుంచి మళ్లీ పుస్తకాలు పట్టాడు. కూర్మారావు సెలవులకు వచ్చినప్పుడల్లా వాడికి పాఠాలు చెప్పేవాడు. మరుసటి ఏడు వాడికి అదే సీటు వచ్చింది, స్నేహితుడి కంటే ఒక తరగతి వెనక. ఆ సంగతి ఊళ్లో అందరికంటే ముందు రత్నాలమ్మే ఇంటింటికీ వెళ్లి చెప్పింది. ఏ దిష్టీ తగల్లేదు.

కాబట్టి పిల్లలూ, ఏ చదువు చదవాలో తేల్చుకునే ముందు మీ మనసులో మాట బయటపెట్టి, ఆ చదువు చదివినవాళ్లనే నేరుగా అడగండి. దిష్టికి భయపడి నోరు మూసుకున్నవాడికి దారి చెప్పగల మనిషి ఎదురింట్లో ఉన్నా ఉపయోగం లేదు.